నిర్మాణాత్మక ఇంటర్వ్యూ

నిర్మాణాత్మక ఇంటర్వ్యూ అనగా ఒక ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థులందరినీ ముందుగా నిర్ణయించిన ఒకే ప్రశ్నలు ఒకే వరుసలో అడిగి, ఒకే కొలమానం ప్రకారం మార్కులు వేసే ఎంపిక పద్ధతి. ప్రశ్నల ప్రణాళిక లేకుండా సంభాషణ ధోరణిలో సాగేదానిని అనిర్మాణాత్మక ఇంటర్వ్యూ అంటారు.

చరిత్ర

1955లో ఇజ్రాయిల్ సైన్యంలో కొత్తగా చేరేవారిని ఇంటర్వ్యూ చేసే పద్ధతిని రూపొందించే పని డేనియల్ కానెమన్‌కు అప్పగించారు. అప్పటికి అతని వయసు 21 సంవత్సరాలు. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఇతడే. అంతకుముందు పరీక్షకులు 15-20 నిమిషాలు మాట్లాడి ఒక సాధారణ అభిప్రాయానికి వచ్చేవారు. ఆ అభిప్రాయానికీ, సైనికుని తదుపరి పనితీరుకూ దాదాపు పొంతన ఉండేది కాదు. కానెమన్ బాధ్యత, కలుపుగోలుతనం వంటి ఆరు లక్షణాలను ఎంచుకొని, ఒక్కొక్కదానికి విడిగా 1 నుండి 5 వరకు మార్కులు వేయించాడు. తమను యంత్రాలుగా మారుస్తున్నారని పరీక్షకులు నిరసించగా, మార్కులన్నీ వేసిన పిదప కళ్ళు మూసుకొని, ఆ వ్యక్తిని సైనికునిగా ఊహించుకొని మరొక మార్కు వేయమన్నాడు. ఆరు మార్కుల మొత్తం పాత పద్ధతికంటే మెరుగైన సూచికగా తేలింది. చివరి ఊహ కూడా దానితో సమానంగా పనిచేసింది. అనగా సొంత అంచనా వ్యర్థం కాదు, కాని అది విడి మార్కుల తరువాతనే రావాలి.

పరిశోధనలు

ఇంటర్వ్యూ ఫలితానికీ, ఉద్యోగంలో పనితీరుకూ గల సంబంధాన్ని సహసంబంధ గుణకంతో కొలుస్తారు. ఇది 0 అయితే సంబంధం లేనట్లు, 1 అయితే పూర్తిగా సరిపోయినట్లు. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ ప్రచురించిన సమీక్షలో ఇది నిర్మాణాత్మక పద్ధతికి 0.51, అనిర్మాణాత్మక పద్ధతికి 0.38. గణన విధానాన్ని సవరించి 2022లో పాల్ శాకెట్ బృందం ఇచ్చిన అంచనాలు వరుసగా 0.42, 0.19.

అంకుర సంస్థలలో

ఐదారుగురే ఉన్న సంస్థలో ఒక్క తప్పు నియామకం కూడా పనిని కుంటుపరచగలదు. అక్కడ సాధారణంగా వ్యవస్థాపకుడే పరీక్షకుడు. సంస్థ గురించి ఉత్సాహంగా చెబుతూ ఇంటర్వ్యూ సమయమంతా తానే మాట్లాడే అవకాశం ఉంది. తనలాగే మాట్లాడేవారిని, తాను చదివిన కళాశాల నుండి వచ్చినవారిని సమర్థులుగా భావించే ప్రమాదమూ ఉంది. అందువలన అర్హుడైన అభ్యర్థి జీవనోపాధిని, సంస్థ మంచి ఉద్యోగిని కోల్పోవచ్చు. దీనిని తగ్గించడానికి పాటించదగిన విధానం:

* ఉద్యోగానికి అవసరమైన లక్షణాలను, ఆరుకు మించకుండా, ముందే వ్రాసుకోవాలి.
* జరిగిన సంఘటనలను గురించి అడగాలి. ఉదాహరణ: "గడువులోగా పూర్తికాని పని ఒకటి చెప్పండి. అప్పుడు మీరు స్వయంగా ఏమి చేశారు?"
* ఏ సమాధానానికి ఎన్ని మార్కులో ముందే నిర్ణయించాలి. పై ప్రశ్నకు, ఆలస్యాన్ని ముందే తెలియజేసి తాను చేసిన పనిని వివరిస్తే 5, ఇతరులను నిందించి ఊరుకుంటే 1.
* ఒక లక్షణానికి మార్కు వేసిన తరువాతనే మరొకదానికి వెళ్ళాలి.
* ఇద్దరు పరీక్షకులుంటే, మార్కులు వ్రాసేవరకు చర్చించుకోరాదు.

పరిమితులు

ఎంచుకున్న లక్షణాలే ఆ ఉద్యోగానికి సంబంధం లేనివైతే ఈ పద్ధతి ఉపయోగపడదు. ప్రశ్నలు బయటకు తెలిస్తే కంఠస్థం చేసిన సమాధానాలు వస్తాయి. పై గుణకాలను బట్టి చూస్తే ఉత్తమమైన ఇంటర్వ్యూ కూడా పొరపాట్లను తగ్గించగలదే గాని, పూర్తిగా నివారించలేదు.