షాపు గేటు దగ్గర బీప్ ఎందుకొస్తుంది? బట్టలకి పెట్టే ఆ ట్యాగ్ లోపల అసలు ఏముంది?

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, షాపింగ్ మాల్‌లో షర్ట్‌కి ఒక ప్లాస్టిక్ ముక్క తగిలించి ఉంటుంది కదా, దాంట్లో బ్యాటరీ ఉంటుందా? చిప్ ఉంటుందా? జీపీఎస్ ఉంటుందా?" అని. దాని కింద ఇంకో పది మంది "అవును అన్నా, దీని మీద వీడియో చెయ్యి" అన్నారు. సరే, ఈరోజు అదే చూద్దాం.

ముందే ఒక మాట. "దాన్ని ఎలా తప్పించుకోవాలి" అని అడిగిన వాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. బాబూ, అది ఈ ఛానల్‌లో దొరకదు. అలారం మోగినప్పుడు మీ తప్పేమీ లేకపోతే ఏం చెయ్యాలో మాత్రం చెప్తాను. నా దృష్టిలో ఈ ఎపిసోడ్‌లో ముఖ్యమైన పార్ట్ అదే.

బ్యాటరీ లేదు. జీపీఎస్ లేదు. మామూలు ట్యాగ్‌లో చిప్ కూడా లేదు. మరి ఎలా పనిచేస్తుందంటే, కొంచెం వెనక్కి వెళ్దాం.

1960ల మధ్యలో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊళ్లో రోనాల్డ్ అస్సాఫ్ అని ఒకాయన క్రోగర్ సూపర్ మార్కెట్‌కి మేనేజర్‌గా ఉండేవాడు. ఒకరోజు ఎవడో రెండు వైన్ సీసాలు పట్టుకుని పరుగు అందుకున్నాడు. ఈయన వెంటపడ్డాడు, దొరకలేదు. ఇలాంటి దొంగల్ని పట్టే మెషీన్ ఎవడైనా కనిపెడితే వాడికి డబ్బే డబ్బు అనుకున్నాడు. తర్వాత తన కజిన్‌తో కలిసి ఆ పని తనే మొదలుపెట్టాడు. అదే సెన్సర్‌మాటిక్ కంపెనీ. దాదాపు అదే టైమ్‌లో న్యూయార్క్ వైపు ఆర్థర్ మినాసీ అనే ఇంజనీర్ కూడా ఇదే ఐడియా మీద పనిచేశాడు. చెక్‌పాయింట్ అనే ఇంకో పెద్ద కంపెనీ అయితే మొదట లైబ్రరీలో పుస్తకాలు పోకుండా ఆపడానికి మొదలైంది. ఇప్పుడు మీరు గేటు దగ్గర చూసే స్తంభాల మీద ఈ పేర్లు కనిపిస్తాయి, ఈసారి గమనించండి.

సరే, ఒక్క సబ్బు పోతే షాపుకి ఏం నష్టం అని చాలామంది అనుకుంటారు. లెక్క చూడండి. 100 రూపాయల వస్తువు మీద షాపు వాడికి 5 రూపాయలు మిగులుతాయి అనుకుందాం. అంటే వాడు 95 పెట్టి కొన్నాడు. ఒకటి పోతే 95 పోయినట్టు. ఆ 95 మళ్లీ రావాలంటే అలాంటివే 19 అమ్మాలి. అంటే 19 మంది కస్టమర్లకి చేసిన సేవ మొత్తం ఒక్క దొంగతనానికి సరిపోయింది. ఈ లోటుని వ్యాపారంలో ష్రింకేజ్ అంటారు. అందులో బయటివాళ్లు ఎత్తుకెళ్లేది ఒక భాగమే. లోపల పనిచేసేవాళ్లు తీసేది, సరుకు దిగేటప్పుడు తక్కువ రావడం, బిల్లింగ్‌లో తప్పులు, ఇవన్నీ కలిపి ష్రింకేజ్. గేటు దగ్గర స్తంభాలు మొదటి దాన్ని మాత్రమే చూస్తాయి.

ఇప్పుడు అసలు మ్యాటర్. ఎక్కువగా కనిపించే ట్యాగ్‌లు రెండు రకాలు.

మొదటిది ఆర్‌ఎఫ్. ధర స్టిక్కర్ లాగానో, బార్‌కోడ్ స్టిక్కర్ లాగానో ఉంటుంది. దాన్ని లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే లోపల చదరంగా చుట్టలు చుట్టలుగా అల్యూమినియం గీత కనిపిస్తుంది, ముగ్గు వేసినట్టు. ఆ చుట్ట ఒక కాయిల్. దానికి కలిపి చిన్న కెపాసిటర్ ఉంటుంది, అంటే రెండు రేకుల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర. ఇంటర్ ఫిజిక్స్‌లో ఎల్‌సీ సర్క్యూట్ అని చదివాం కదా, ఎంసెట్ కోసం బట్టీ పట్టి మర్చిపోయాం, అదే ఇది. దాదాపు 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతుంది. ఊయల ఊపేటప్పుడు సరిగ్గా దాని లయలో తోస్తే చిన్న తోపుకే పైకి వెళ్తుంది, లయ తప్పితే ఎంత తోసినా ఊగదు. గేటు స్తంభం ఆ 8.2 చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీల్లో సిగ్నల్‌ని అటూ ఇటూ జరుపుతూ తోస్తూ ఉంటుంది. మధ్యలో ట్యాగ్ ఉంటే, సరిగ్గా దాని లయ వచ్చినప్పుడు అది ఊగుతుంది, ఫీల్డ్‌లో చిన్న తేడా వస్తుంది. స్తంభం దాన్ని పట్టుకుంటుంది. బీప్.

కౌంటర్‌లో బిల్లు కొట్టాక వస్తువుని ఒక ప్యాడ్ మీద పెడతారు గమనించారా? స్కానింగ్ కోసం కాదు అది. ఆ ప్యాడ్ నుంచి గట్టి పల్స్ వస్తుంది. కెపాసిటర్ మధ్యలో ఉన్న పల్చటి పొరకి బెజ్జం పడి రెండు రేకులూ షార్ట్ అవుతాయి. ఇక లయ లేదు, ఊగడం లేదు.

రెండోది ఏఎమ్, అకౌస్టో మ్యాగ్నెటిక్. నాకు బాగా నచ్చింది ఇదే. బిస్కెట్ రంగులోనో తెల్లగానో, చిటికెన వేలంత సన్నటి ప్లాస్టిక్ పెట్టె లాగా ఉంటుంది. ఊపితే లోపల ఏదో కదిలినట్టుంటుంది. లోపల ప్రత్యేకమైన లోహపు పట్టీ ఉంటుంది. మ్యాగ్నెటిక్ ఫీల్డ్‌లో పెడితే ఆ పట్టీ కంటికి కనిపించనంత కొంచెం సాగుతుంది, ముడుచుకుంటుంది. పక్కనే ఇంకో పట్టీ చిన్న అయస్కాంతంలా పనిచేసి, మొదటి దాన్ని సరైన శ్రుతిలో ఉంచుతుంది. ఆ శ్రుతి 58 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 58,000 సార్లు.

గుడిలో గంట కొట్టి చెయ్యి తీసేశాక కూడా ఖంగుమని కాసేపు మోగుతూ ఉంటుంది కదా. ఇదీ అంతే. స్తంభం రెండు మిల్లీసెకన్ల లోపు ఒక దెబ్బ కొట్టి ఆపేస్తుంది. ఆపాక చెవి పెట్టి వింటుంది. షాపులో మిగతా వస్తువులన్నీ అప్పటికి సైలెంట్. ట్యాగ్ ఒక్కటే ఇంకా 58 దగ్గర మోగుతూ ఉంటుంది. ఇలా సెకనుకి పదుల సార్లు కొట్టడం, వినడం. ఒక్కసారి వినపడగానే అరవదు, వరుసగా కొన్నిసార్లు అదే ధ్వని వస్తేనే అలారం. తప్పుడు అలారాలు తగ్గడానికి అదొక ఉపాయం. కౌంటర్‌లో దీన్ని ఆపడం అంటే ఆ రెండో పట్టీలో అయస్కాంతం పోగొట్టడం. శ్రుతి మారిపోతుంది, స్తంభం వెతికే చోట వినపడదు.

ఆర్‌ఎఫ్ స్టిక్కర్ చవక, కానీ లోహపు డబ్బాల మీద సరిగ్గా పనిచేయదు. ఏఎమ్ రేకు ప్యాకింగ్‌ల దగ్గర కొంచెం నయం, వెడల్పు ద్వారాలకీ పనికొస్తుంది. అందుకే ఒక్కో షాపు ఒక్కోటి వాడుతుంది. ఒక రకం స్తంభానికి రెండో రకం ట్యాగ్ కనిపించదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

బట్టలకి ఉండే గట్టి ప్లాస్టిక్ ట్యాగ్ లోపల కూడా ఈ రెండింట్లో ఏదో ఒకటి ఉంటుంది. తేడా ఏంటంటే తాళం. పిన్ను గుచ్చితే లోపల చిన్న ఉక్కు గోళీలు స్ప్రింగ్ ఒత్తిడితో దాన్ని పట్టేస్తాయి, లాగే కొద్దీ బిగుస్తాయి. కౌంటర్‌లో ఉన్న బలమైన అయస్కాంతం ఆ గోళీల్ని కిందకి లాగితేనే పిన్ను వదులుతుంది. కొన్నిటిలో ఇంకు కూడా పెడతారు, బలవంతంగా పీకితే బట్ట పాడు. దొంగకి లాభమే లేకుండా చెయ్యడం అన్నమాట.

మన దగ్గర ఇంకో సిస్టమ్ ఉంది, అన్నిటికంటే పాతది. గేటు దగ్గర అంకుల్ బిల్లు తీసుకుని, సంచిలోకి ఒక చూపు చూసి, బిల్లు మీద స్టాంపు వేసి పంపిస్తాడు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అక్కర్లేదు. నవ్వుకుంటాం గానీ, "నన్ను ఎవరో చూస్తున్నారు" అనిపించడమే దొంగతనాన్ని ఎక్కువ ఆపుతుంది. సేల్స్‌లో అమ్మాయి వచ్చి "ఏం కావాలి సార్" అని పలకరించడం కూడా ఇందులో భాగమే.

ఇప్పుడు ముఖ్యమైన పార్ట్. ఆమధ్య మా పిన్ని ఒక బట్టల షాపుకి వెళ్లింది. ఏమీ నచ్చక ఉత్త చేతులతో బయటికి వస్తుంటే గేటు బీప్ అంది. అందరి ముందూ ఆపారు, హ్యాండ్‌బ్యాగ్ మొత్తం కౌంటర్ మీద కుమ్మరించారు. పర్సు, మాత్రలు, తాళాలు, అన్నీ. ఏమీ లేదు. చివరికి తేలింది ఏంటంటే, ఆవిడ వేసుకున్న కుర్తీ లోపలి కుట్టులో వేరే షాపు లేబుల్ ఉంది, బ్రాండ్ వాళ్లు ఫ్యాక్టరీలోనే కుట్టేసింది. ఆ వేరే షాపు వాడు దాన్ని ఆఫ్ చెయ్యలేదు. వాడి గేటుది వేరే టెక్నాలజీ, అందుకే అక్కడ మోగలేదు. ఇక్కడ మోగింది. "సారీ మేడమ్" అన్నారు. పిన్ని నెలరోజులు ఏ షాపుకీ వెళ్లలేదు.

ఇది అరుదేమీ కాదు. కౌంటర్‌లో ప్యాడ్ మీద సరిగ్గా పెట్టకపోతే మోగుతుంది. స్తంభానికి దగ్గరగా సరుకు పేర్చినా మోగుతుంది. ఆఫ్ చేసిన ఆర్‌ఎఫ్ స్టిక్కర్‌లో ఆ బెజ్జం దగ్గరి షార్ట్ వంగి, నలిగి విడిపోతే, చచ్చిన ట్యాగ్ మళ్లీ బతుకుతుంది కూడా. అంటే బీప్ చెప్పేది ఒక్కటే, "ఇక్కడ బతికున్న ట్యాగ్ ఉంది" అని. మనిషి దొంగ అని అది చెప్పదు. చట్టంలో దొంగతనం అంటే దురుద్దేశం ఉండాలి, దాన్ని ఏ స్తంభమూ కొలవలేదు.

కాబట్టి మీకు మోగితే పరిగెత్తకండి, గొడవ పెట్టుకోకండి. ఆగి బిల్లు చూపించండి. వస్తువుల్ని ఒక్కొక్కటిగా గేటులోంచి తిప్పమనండి, ఏది మోగుతుందో తెలిసిపోతుంది. చేతులు వేసి తడమడానికి వస్తే ఒప్పుకోనక్కర్లేదు, షాపు వాళ్లకి పోలీసుల్లాంటి సోదా అధికారం లేదు. ఆడవాళ్లని మగ సిబ్బంది ముట్టుకునే ప్రశ్నే లేదు. వాళ్లకి నిజంగా అనుమానం ఉంటే సీసీటీవీ చూసుకోవాలి, లేదా పోలీసుల్ని పిలవాలి. కారణం లేకుండా గదిలో కూర్చోబెట్టి తలుపేస్తే అది అక్రమ నిర్బంధం, భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కిందికి వస్తుంది. అవసరమైతే మీరే 112కి ఫోన్ చెయ్యండి.

అదే చట్టం రెండో వైపు కూడా చెప్పాలి. 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలి, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షగా వేస్తారు. 2024 జులై 1 నుంచి వచ్చిన మార్పు ఇది. అంటే ఊరికే వదిలేస్తారని కాదు, దోషి అన్న ముద్ర మాత్రం పడుతుంది.

ఎమ్మెస్‌కి అమెరికా వెళ్దామనుకునే వాళ్లు ఇది ఇంకోసారి వినండి. 2025 జులైలో ఇండియాలోని అమెరికా ఎంబసీ ఓపెన్‌గా చెప్పింది. అక్కడ దొంగతనం లాంటివి చేస్తే కేసుతో ఆగదు, వీసా రద్దు కావచ్చు, ముందు ముందు వీసాకి అర్హత కూడా పోవచ్చు అని. సెల్ఫ్ చెకౌట్ దగ్గర కూడా ఇది గుర్తుండాలి. అక్కడ మనిషి ఎవరూ లేనట్టే ఉంటుంది గానీ పైన కెమెరా, కింద బరువు తూచే ప్లేటు ఉంటాయి. నాన్న తెచ్చిన 40 లక్షల లోన్, పది డాలర్ల షాంపూ. లెక్క మీరే వేసుకోండి.

ఇక చిప్ సంగతి. తమ్ముడు అడిగిన చిప్ ఉన్న ట్యాగ్ కూడా ఉంది, ఆర్‌ఎఫ్‌ఐడీ. దాంట్లో ప్రతి వస్తువుకీ వేరే నంబర్ ఉంటుంది. మామూలు ట్యాగ్ "నేనున్నాను" అని మాత్రమే అంటుంది, ఇది "నేను ఫలానా షర్ట్‌ని, ఎల్ సైజు" అంటుంది. డెకథ్లాన్‌లో సెల్ఫ్ చెకౌట్ ఉన్న చోట వస్తువులన్నీ ఒక ట్రేలో వేస్తే ఒకేసారి బిల్లు అయిపోయేది దీనివల్లే. డబ్బు కట్టిన నంబర్ గేటు దాటితే మౌనం, కట్టని నంబర్ దాటితే అలారం. పిన్ని కుర్తీకి ఇదే ఉండుంటే ఈ షాపు లిస్టులో ఆ నంబరే ఉండదు కాబట్టి గేటు పట్టించుకునేది కాదు. దీనికీ బ్యాటరీ లేదు, రీడర్ పంపే రేడియో తరంగాలతోనే బతుకుతుంది, దాని రేంజ్ కొన్ని మీటర్లే. కాబట్టి మీరు ఇంట్లో ఉంటే ఆ షర్ట్ ఎక్కడుందో షాపు వాడికి తెలియదు.

ఇంకొక్కటి, ఇంట్లో పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే చెప్పండి. ఆ స్తంభాల మధ్యలోంచి మామూలుగా నడిచి వెళ్లిపోతే ఇబ్బంది లేదు. కానీ అక్కడ నిలబడి ఫోన్ మాట్లాడటం, స్తంభానికి ఆనుకుని రెస్ట్ తీసుకోవడం చెయ్యకూడదు. అమెరికా ఎఫ్‌డీఏ 1998 నుంచీ చెప్తున్నది ఇదే. బిల్లింగ్ క్యూ గేటు దాకా వచ్చే పండగ సీజన్‌లో తాతయ్యని ఆ స్తంభం పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టకండి, లోపల వేరే చోటు చూడండి.