‘అప్‌డేట్’ అడుగు పడట్లేదా?

అక్క డిగ్రీ పూర్తయింది. ఆమె వాడిన ల్యాప్‌టాప్ ఇంటర్ చదివే తమ్ముడి చేతికొచ్చింది. పాత ఫొటోలూ ప్రాజెక్టులూ అన్నీ భద్రంగా దాచుకుని, ‘రీసెట్’ కొట్టి, కొత్తదానిలా చేసి ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. తీరా విండోస్ అప్‌డేట్ తెరిస్తే... ‘డౌన్‌లోడింగ్ 0 శాతం’. గంట గడిచినా అంతే! ‘ఎలాగూ పనిచేస్తోందిగా, తర్వాత చూద్దాంలే’ అని వదిలేస్తే చిక్కులు అక్కడే మొదలవుతాయి.

ఎందుకంత ముఖ్యం?

ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తుంది. 2003 నుంచీ ఇదే ఆనవాయితీ. కంప్యూటర్ దొంగలు దూరే కంతల్ని పూడ్చడమే వీటి పని. ఎప్పటిదో పాత పెన్‌డ్రైవ్‌తోనో, ల్యాప్‌టాప్‌తో వచ్చిన రికవరీతోనో విండోస్‌ని మళ్లీ వేస్తే, అది తయారైన నాటి స్థితికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత పూడ్చిన కంతలన్నీ మళ్లీ తెరుచుకుంటాయి.

దీనివల్ల ఏమవుతుందో 2017లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది మార్చి 14న ఓ లోపానికి మైక్రోసాఫ్ట్ విరుగుడు విడుదల చేసింది. రెండు నెలలు తిరక్కుండానే, మే 12న, అదే లోపాన్ని వాడుకుని ‘వాన్నాక్రై’ విరుచుకుపడింది. బ్రిటన్‌లో ఎన్నో ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అందుకే రీసెట్ చేసిన ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లన్నీ పూర్తయ్యేదాకా బ్యాంకు లావాదేవీల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ముందు ఇవి చూడండి

నిజంగా ఆగిందా? అంకె కదలనంత మాత్రాన పని ఆగినట్టు కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్, నెట్‌వర్క్ అంకెలు మారుతుంటే లోపల పని జరుగుతున్నట్టే. కాసేపు ఓపిక పట్టండి. ఛార్జర్ మాత్రం పెట్టే ఉంచాలి. తెరమీద ‘కంప్యూటర్ ఆపవద్దు’ అని కనిపిస్తున్నప్పుడు తొందరపడి పవర్ బటన్ నొక్కకండి.

తేదీ సరిగ్గా ఉందా? చాన్నాళ్లు బీరువాలో ఉన్న ల్యాప్‌టాప్‌లో గడియారం తప్పు చూపించొచ్చు. తేదీ తేడాగా ఉంటే మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో సురక్షితమైన కనెక్షన్ కుదరదు. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’లోకి వెళ్లి ‘సింక్ నౌ’ నొక్కండి. ఆపేసి తెరిచిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోందంటే లోపలున్న చిన్న బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు.

నెట్ సంగతేంటి? వైఫై వివరాల్లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్‌లో ఉంటే, డేటా ఖర్చవుతుందని విండోస్ తనంతట తాను డౌన్‌లోడ్లు మొదలుపెట్టదు. ఫోన్ హాట్‌స్పాట్ వాడేవారు ఇది తప్పక చూడాలి.

చోటుందా? సి డ్రైవ్‌లో 20 జీబీ వరకూ ఖాళీ ఉంటే నిశ్చింత. రీసెట్ తర్వాత ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్ మిగిలితే అదే బోలెడు చోటు తినేస్తుంది. అందులో మీకు కావాల్సిన ఫైళ్లేమీ లేవని నిర్ధారించుకున్నాకే, సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగం నుంచి దాన్ని తీసేయండి.

అయినా కదలకపోతే...

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, ట్రబుల్‌షూట్, అదర్ ట్రబుల్‌షూటర్స్... ఈ వరుసలో వెళ్లి విండోస్ అప్‌డేట్ పక్కన ‘రన్’ నొక్కండి. చిన్నచిన్న ఇబ్బందుల్ని అదే సరిచేస్తుంది.

దానికీ లొంగకపోతే, డౌన్‌లోడ్ సగంలో పాడై అడ్డుపడిందేమో అనుకోవాలి. స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని టైప్ చేసి తెరవండి. జాబితాలో ‘విండోస్ అప్‌డేట్’, ‘బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్’ కనిపిస్తాయి. రెండింటిమీదా రైట్ క్లిక్ చేసి ‘స్టాప్’ ఇవ్వండి. ఇప్పుడు సి డ్రైవ్‌లో విండోస్, అందులో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, దాంట్లో డౌన్‌లోడ్ ఫోల్డర్ తెరిచి లోపలున్నవన్నీ తీసేయండి. భయం అక్కర్లేదు... అవి విండోస్ తెచ్చిపెట్టుకున్న అప్‌డేట్ ముక్కలే, మీ ఫైళ్లు కావు. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి మళ్లీ అప్‌డేట్ వెతకమనండి. అన్నీ మొదటినుంచి తాజాగా దిగుతాయి.

ఇదీ ఫలించకపోతే మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ‘మీడియా క్రియేషన్ టూల్’తో సరికొత్త విండోస్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీది ఉండాలి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడండి. ‘అప్‌డేట్ ఫిక్సర్’ అంటూ ఎవరో అంటగట్టే ప్రోగ్రాముల్ని మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. ‘మీ కంప్యూటర్ బాగుచేస్తాం, కోడ్ చెప్పండి’ అంటూ వచ్చే ఫోన్లూ అంతే!

మీది పాత విండోసా?

విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది. దాన్ని మళ్లీ వేసుకుని ‘చెకింగ్ ఫర్ అప్‌డేట్స్’ దగ్గర గంటలకొద్దీ ఎదురుచూసినా కొత్త రక్షణేమీ రాదు. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. ఇళ్లలో వాడేవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకూ భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11కి మారాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తోపాటు ‘టీపీఎమ్ 2.0’ అనే భద్రతా చిప్, అనుమతించిన ప్రాసెసర్ ఉండాలి. ఇవి లేని ల్యాప్‌టాప్‌కి ఉచితంగా దొరికే ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి వేసుకోవచ్చు. చదువులకూ ఉత్తరాలకూ అవి చక్కగా సరిపోతాయి.

చివరగా ఒక్క మాట. ఒక విడత అప్‌డేట్లు పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే మరికొన్ని రావడం మామూలే. ‘మీరు అప్ టు డేట్’ అని చూపించాక కూడా మరోసారి ‘చెక్’ నొక్కి చూడండి. కొత్తగా ఏమీ రాలేదా? ఇక పాస్‌వర్డులు నిశ్చింతగా టైప్ చేసుకోవచ్చు.