5 జీబీ సమాచారానికి 32 జీబీ ఫైలు ఎందుకు?

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో మామూలుగా హార్డ్ డిస్క్ ఉండదు. లినక్స్ సిస్టమ్, మీరు రాసిన ప్రోగ్రాములు అన్నీ మెమరీ కార్డులోనే. ఆ కార్డుకు తీసిన పూర్తి నకలునే ఇమేజ్ అంటారు. 32 జీబీ కార్డులో 5 జీబీయే నిండినా ఇమేజ్ మాత్రం 32 జీబీ వస్తుంది.

ఎందుకంటే నకలు తీసే ‘డీడీ’ కమాండుకు ఫైళ్ల సంగతి తెలియదు. మొదటి బ్లాకు నుంచి చివరి బ్లాకు దాకా ఉన్నది ఉన్నట్టు దింపేస్తుంది. నోటుబుక్కులో ముప్పై పేజీలే రాసినా తెల్లకాగితాలతో సహా జిరాక్స్ తీసినట్టన్నమాట. ఇంకో చిక్కూ ఉంది. రెండు కంపెనీల 32 జీబీ కార్డులు అచ్చంగా ఒకే సైజులో ఉండకపోవచ్చు. కాస్త చిన్న కార్డయితే ఆ ఇమేజ్ పట్టదు.

మరి ఎలా తగ్గించాలి? కార్డులో సాధారణంగా రెండు పార్టిషన్లు ఉంటాయి. మొదటిది చిన్న బూట్ భాగం, దాని జోలికి పోనక్కర్లేదు. రెండోదాంట్లో డేటా అక్కడక్కడా చెదిరి ఉండొచ్చు కాబట్టి చివర ఊరికే కోసేస్తే ఫైళ్లు పోతాయి. అందుకే ముందు ‘ఈ2ఎఫ్ఎస్‌సీకే’తో ఫైల్ సిస్టమ్‌లో తప్పులు సరిచేసి, ‘రీసైజ్2ఎఫ్ఎస్’తో కుదించాలి. చివర్లో ఉన్న బ్లాకులను అది ముందుకు జరుపుతుంది. ఆ తర్వాతే పార్టిషన్ హద్దు తగ్గించి, ‘ట్రంకేట్’తో ఇమేజ్ ఫైలు తోక కత్తిరించాలి. ఈ వరస అస్సలు తప్పకూడదు.

‘పైష్రింక్’ అనే ఉచిత స్క్రిప్టు ఇదంతా తానే చేస్తుంది. ఆ ఇమేజ్ ఎక్కించిన కొత్త కార్డుతో కంప్యూటర్ మొదటిసారి ఆన్ అయినప్పుడు ఫైల్ సిస్టమ్ మళ్లీ కార్డు నిండా పరుచుకునే ఏర్పాటూ చేస్తుంది. మీరు మాత్రం అసలు ఇమేజ్‌ను పక్కన భద్రంగా ఉంచి, దాని కాపీ మీదే ప్రయత్నించండి.