ఇల్లొక చోట, బతుకుతెరువు ఇంకొక చోట

ఒక కుటుంబం ఎంత వెడల్పు గదిలో పడుకోవాలి, ఇంటి యజమాని కూలిపనికి ఎంత దూరం వెళ్లాలి, వీధి గదిలో పెట్టుకున్న చిన్న కొట్టు మరో పదేళ్లు నిలుస్తుందా లేదా అన్నవి చూడ్డానికి ఆ కుటుంబపు సొంత విషయాల్లాగే కనిపిస్తాయి గాని, వాటిలో చాలా భాగం పట్టణ ప్రణాళికా విభాగపు నిబంధనల్లోనూ పురపాలక తీర్మానాల్లోనూ రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ ముందే తేలిపోయి ఉంటాయి. 1856లో పురపాలక సంఘంగా ఏర్పడిన శ్రీకాకుళం, 1888లో ఏర్పడిన విజయనగరం 2015లో నగరపాలక సంస్థల హోదా పొందాయి. హోదాతో పాటు విశాఖపట్నం, విజయవాడ వంటి పెద్ద నగరాలకు సరిపోయే పద్ధతులు కూడా ఈ రెండు ఊళ్లకు వచ్చాయి. ఆ పద్ధతుల్లో ఇళ్ల వ్యవహారం ఒక దస్త్రంలో, వీధుల వ్యవహారం మరొక దస్త్రంలో నడుస్తాయి. ఉత్తరాంధ్ర పట్టణాల్లో ఇల్లూ వీధీ కలిసి ఒకే జీవనాధారమన్న సంగతి ఆ రెండింట్లోనూ నమోదు కాకపోవడమే ఇక్కడి ప్రజలు పడుతున్న అనేక ఇబ్బందులకు మూలం.

ఈ ప్రాంతపు పాత వీధుల్లో ఇళ్లు వరసగా, ఒకదాని గోడను ఒకటి ఆనుకుని ఉంటాయి. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ; ముందు అరుగు, దాని వెనక వీధి గది, ఆ తరువాత వంటిల్లు, పెరడు. వీధి గదిలో కుట్టుమిషనో కిరాణా కొట్టో ఉంటే, వెనక గదుల్లో సంసారం నడుస్తుంది. ఇలాంటి ఇంటిని పడగొట్టి మళ్లీ కట్టుకోవాలంటే 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం రోడ్డు అంచు నుంచి కొంత జాగా ఖాళీగా వదలాలి. సెట్‌బ్యాక్ అని పిలిచే ఈ ఖాళీ జాగా గాలికీ వెలుతురుకూ అగ్నిమాపక వాహనాల రాకపోకలకూ అవసరమైనదే. దాని ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి లేదు. అయితే పదిహేను అడుగుల వెడల్పు స్థలం ఉన్నవారికి పోయేది సరిగ్గా ఆ వీధి గదే, అంటే ఇంటికి ఆదాయం తెచ్చే గదే. అందుకే చాలామంది ప్లాను లేకుండానో ప్లానును అతిక్రమించో కట్టుకుంటారు. ఆ తరువాత 2007, 2015, 2019 సంవత్సరాల్లో వచ్చినటువంటి బీపీఎస్ పథకం కోసం, అంటే అపరాధ రుసుము తీసుకుని అక్రమ కట్టడాన్ని క్రమబద్ధం చేసే పథకం కోసం ఎదురు చూస్తారు. కొన్నేళ్లకొకసారి క్షమించక తప్పని నిబంధనను మొదటే ఊరి తీరుకు తగ్గట్టు రాసి ఉండవలసింది.

రోడ్ల విస్తరణ వచ్చేసరికి ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. బృహత్ ప్రణాళికలో ఒక వీధికి ఎంత వెడల్పు గుర్తిస్తే, భవిష్యత్తులో అంతమేర నేలను ఇరువైపుల ఇళ్లవారు వదులుకోవాలి. నేలకు డబ్బు చెల్లించే స్తోమత పురపాలక సంస్థలకు తక్కువ కాబట్టి, నష్టపరిహారానికి బదులుగా టీడీఆర్ బాండ్లు ఇచ్చే పద్ధతి రాష్ట్రంలో బాగా వాడుకలోకి వచ్చింది. టీడీఆర్ అంటే అభివృద్ధి హక్కును బదిలీ చేసే పత్రం: రోడ్డుకు వదిలిన నేలకు లెక్కగట్టిన కొన్ని రెట్ల నిర్మాణ విస్తీర్ణాన్ని యజమాని మరోచోట అదనంగా కట్టుకోవచ్చు, లేదా ఆ హక్కును ఒక బిల్డరుకు అమ్ముకోవచ్చు. అదనపు అంతస్తులు వేయడానికి బిల్డర్లు పోటీపడే విశాఖపట్నంలో ఈ కాగితానికి ధర పలుకుతుంది. అయిదంతస్తుల అపార్టుమెంటే పెద్ద కట్టడమైన ఊళ్లో దాన్ని కొనేవారు తక్కువ, అడిగే ధర ఇంకా తక్కువ. కాగితం మీద పరిహారం అన్నిచోట్లా ఒక్కటే అయినా, చేతికొచ్చే డబ్బు ఊరి భూముల ధరను బట్టి మారుతుంది. ఇంటి వెనక భాగం మాత్రమే మిగిలిన చిన్న యజమానికి అదనపు అంతస్తు హక్కు దక్కినా అది వేసుకోవడానికి పునాదే చాలదు. వీధి గదిని అద్దెకు తీసుకుని వ్యాపారం చేసుకునేవారి మాట ఈ లెక్కలో అసలే రాదు, ఎందుకంటే బాండు నేల యజమాని పేరు మీదే వస్తుంది.

వీధి విశాలంగా ఉండటం ఎవరికీ అక్కరలేదని దీని అర్థం కాదు. విజయనగరంలో దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే అరవై అడుగుల దాకా పొడవుండే చింతమాను, చివర పూజారితో మూడు లాంతర్ల కూడలి దగ్గరి గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. దారికి అడ్డంగా పందిరి గాని బోర్డు గాని తీగ గాని ఉండకూడదని ఏ అధికారీ చెప్పకుండానే ఆ వీధివారికి తెలుసు. వీధి అందరి ఉమ్మడి సొత్తన్న భావనను ఆ ఊరేగింపు ఏటేటా కాపాడుతూ వచ్చింది. అదే కూడలిలో పందొమ్మిదో శతాబ్దపు మూడు లాంతర్ల స్తంభాన్ని 2020 మే నెలలో సుందరీకరణ పనుల్లో భాగంగా తొలగించినప్పుడు పట్టణంలోనూ రాష్ట్ర రాజకీయాల్లోనూ పెద్ద దుమారం రేగింది. ప్రజలు అభ్యంతరపెట్టింది రోడ్డు బాగుపడటానికి కాదు. తమ కూడలి ఆనవాలును తీసేసేముందు తమను ఎవరూ అడగకపోవడమే వారిని బాధించింది.

పాత వీధుల్లో చోటు చిక్కని పేదలకు పట్టణం బయట చోటు చూపడం ఇళ్ల విధానంలో రెండో భాగం. 2020 డిసెంబరు 30న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి విజయనగరం దగ్గరి గుంకలాంలో ఇళ్ల పట్టాల పంపిణీకి వచ్చారు. దాదాపు 397 ఎకరాల్లో 12,301 ప్లాట్లు వేసిన ఆ లేఅవుట్ రాష్ట్రంలోని అతి పెద్దవాటిలో ఒకటి. పట్టణ పేదలకు ఇచ్చినది సెంటు స్థలం, గ్రామాల్లోని వారికి సెంటున్నర. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, అంటే 435 చదరపు అడుగుల పైచిలుకు. అందులో సుమారు 340 చదరపు అడుగుల ఇంటికి నమూనా ఇచ్చి, నిర్మాణానికి లక్షా 80 వేల రూపాయల సాయం ప్రకటించారు. ఆడవారి పేరు మీద పట్టా ఇవ్వడం, అద్దె కొంపల్లో బతికిన కుటుంబాలకు తొలిసారి సొంత నేల దక్కడం చిన్న విషయాలు కావు. ఆ మేలును ఎవరూ తక్కువ చేయకూడదు. కాని ఆ నేల మీద ఇల్లు కడితే మిగిలేది దాదాపు 95 చదరపు అడుగులు, అదీ చుట్టూ చీలికలుగా. తోపుడు బండి నిలపడానికీ, అప్పడాలు ఎండబెట్టడానికీ, మేకను కట్టేయడానికీ, రేపు కొడుక్కి పెళ్లయితే మరో గది వేయడానికీ అక్కడ వీలుండదు. తెల్లవారేసరికి కూలికోసం పట్టణం నడిబొడ్డుకు చేరవలసిన తాపీ పనివారూ, నాలుగిళ్లలో పాచిపని చేసే స్త్రీలూ ఆటో చార్జీలకు రోజూ ఎంత పెట్టాలన్న ప్రశ్న పట్టాలో ఉండదు. ఇల్లు ఉచితమైనా, ఆ ఇంట్లో ఉంటూ పనికి పోయిరావడం ఉచితం కాదు.

అంతకు ముందు ప్రభుత్వ సంస్థ టిడ్కో చేపట్టిన ఇళ్ల తీరు వేరు. విజయనగరంలో సారిపల్లి, సోనియానగర్‌లలోనూ, శ్రీకాకుళంలో పాత్రునివలసలోనూ 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను అంతస్తుల సముదాయాలుగా కట్టారు. సెంటు స్థలం కంటే ఇవి నేలను పొదుపుగా వాడుకుంటాయి, మురుగునీటి పారుదల, తాగునీరు ఒకేచోట అందించవచ్చు. దూరదృష్టితో చూస్తే ఇదే మెరుగైన మార్గం. అయితే ప్రభుత్వాలు మారినప్పుడు పనులు ఆగి, వాటా సొమ్ము కట్టినవారు ఏళ్ల తరబడి అటు అద్దె చెల్లిస్తూ ఇటు ఫ్లాటు కోసం కాచుకోవలసి వచ్చింది. పై అంతస్తుల్లో ఉన్నవారికి కొట్టు పెట్టుకునే వీధి గది ఉండదన్న లోటు ఇక్కడా తీరలేదు.

బతుకుతెరువుకు మిగిలిన చోటు రోడ్డు పక్క. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలోనూ వెండింగ్ కమిటీ ఉండాలి, దాని సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే కావాలి, సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ జనాభాలో రెండున్నర శాతం వరకు వ్యాపారులకు చోటు చూపాలని కూడా ఆ చట్టం చెబుతుంది. రెండు లక్షల జనాభా ఉన్న ఊరికి ఈ లెక్కన అయిదు వేల బళ్లకు స్థలం కావాలి. శ్రీకాకుళంలోని అరసవల్లి రథసప్తమికి వచ్చే లక్షల మంది భక్తులకు దారి కల్పించాలన్నా, విజయనగరం గంటస్తంభం దగ్గర నడవడానికి చోటుండాలన్నా బళ్లను సర్దవలసిందే. సర్దడానికి ముందు ఎక్కడికి వెళ్లాలో చూపడం చట్టం పెట్టిన షరతు. రోడ్డు వెడల్పు చేసే ప్రతి ప్రణాళికలోనూ కాలువకూ కరెంటు స్తంభానికీ గీత ఉంటుంది గాని, ఈ అయిదు వేల బళ్లకు గీత కనిపించడం అరుదు.

పురపాలక సేవలకు ఆధారమైన ఇంటిపన్ను లెక్క 2021 ఏప్రిల్ నుంచి మారింది. అంతకు ముందు ఇంటికి వచ్చే అద్దె అంచనాను బట్టి పన్ను వేసేవారు. 2020లో చట్టాన్ని సవరించి స్థలం, కట్టడం కలిపిన మూలధన విలువలో కొంత శాతంగా దాన్ని నిర్ణయించారు. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని పరిమితి పెట్టారు. పరిమితి ఉన్నమాట నిజమే అయినా, వెయ్యి రూపాయల పన్ను ఏటా 15 శాతం చొప్పున పెరిగితే అయిదేళ్లకు రెండు వేలు దాటుతుంది. ఇంటి యజమాని ఆదాయం మారకపోయినా, పక్కన రోడ్డు వెడల్పయి నేల రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పన్ను పెరిగే అవకాశం ఉంటుంది. వీధి గదిని కోల్పోయిన ఇంటికి ఇది రెండో దెబ్బ. 2021లో మొదలైన చెత్త సేకరణ రుసుముపై వచ్చిన వ్యతిరేకత వల్ల దాన్ని ఎత్తివేస్తున్నట్టు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ప్రకటించారు. ప్రజలు గట్టిగా అడిగితే విధానం మారుతుందనడానికి అదొక నిదర్శనం.

అడగడానికి వేదిక ఉండాలి. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఎన్నికైన పాలకవర్గాన్ని హక్కుగా ఇచ్చింది; కాలపరిమితి ముగిసేలోగా ఎన్నికలు జరపాలని చెప్పింది. వార్డు కమిటీలను మాత్రం మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకే తప్పనిసరి చేసింది. 2011 జనగణన ప్రకారం విజయనగరం గాని శ్రీకాకుళం గాని ఆ గీత దాటలేదు కాబట్టి, వీధి స్థాయిలో కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు రాజ్యాంగం పేరిట ఇక్కడివారికి దక్కదు. విజయనగరంలో 2021లో 50 డివిజన్లకు ఎన్నికలు జరిగి కార్పొరేటర్లయినా వచ్చారు. శ్రీకాకుళంలో 2010లో పాలకవర్గం గడువు ముగిశాక, గ్రామాల విలీనం, వార్డుల విభజనపై వివాదాల వల్ల 2014లోనూ 2021లోనూ ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. కొత్త ఇంటిపన్ను వచ్చిన ఏడాది అక్కడ పాలకవర్గానికి ఉండవలసిన అధికారాలు ప్రత్యేకాధికారి చేతిలోనే ఉన్నాయి. బలగలోనో గుజరాతీపేటలోనో ఒక గృహస్థుకు పన్ను మీద అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వవలసింది ఆ కార్యాలయానికే, విచారించి తేల్చవలసిందీ ఆ కార్యాలయమే. ఆ అర్జీని సభలో లేవనెత్తి నిలదీయడానికి అతని ఓటుతో గెలిచిన ప్రతినిధి లేడు.