విశ్రాంతిదినమును విడువని వాద్యబృందనాయకుడు

కండక్టరనగా మన బాలురకు బస్సులో టిక్కెట్టు లిచ్చు మనుష్యుడు జ్ఞప్తికి వచ్చును. పాశ్చాత్య సంగీతమున నా పేరు మఱియొకనికి చెల్లును. అచ్చటి పెద్ద వాద్యబృందమున 80 మొదలు 100 మంది వఱకు వాద్యకారు లుందురు. ఫిడేళ్లవారు, పిల్లనగ్రోవులవారు, బాకాలవారు, భేరులవారు వేర్వేఱు వరుసలలో కూర్చుందురు. మన కచేరీలో గాయకుడును మృదంగము వాయించువాడును ఒకరి నొకరు చూచుకొనుచు తాళము నిలుపుకొందురు. నూరుగురికి అది సాధ్యము కాదు. కావున వారి యెదుట నొకడు నిలిచి, చేసైగలతో కాలమును, నాదముయొక్క హెచ్చుతగ్గులను సూచించును. ఆ బృందమం దంతటను శబ్దము చేయనివా డతడొక్కడే.

కాని యతని యసలు శ్రమ కచేరీనాటిది కాదు. అంతకు పూర్వము జరుగు అభ్యాసములలోనిది. ఏ వాద్యము మితిమీఱినది, ఏ వరుస వెనుకబడినది, ఒక స్వరము నెంతసేపు నిలుపవలెను అను సంగతులన్నియు అప్పుడే తేలును. చదువరులు దీనిని మనస్సున నుంచుకొనవలెను. ఏలయన మేము వ్రాయబూనిన హెర్బర్టు బ్లూమ్‌స్టెట్టుగారి వృత్తిజీవిత మంతయు ఈ అభ్యాసమును గూర్చిన యొక నియమముతో ముడివడి యున్నది.

వీరు 1927 సం. జూలై 11వ తేదీన అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున స్వీడను దేశీయులైన తలిదండ్రులకు జన్మించిరి. తండ్రి సెవెంతు డే అడ్వెంటిస్టు సంఘమున బోధకుడు. తల్లి పియానో వాద్యమున నేర్పరి. రెండేండ్ల ప్రాయముననే కుటుంబము స్వీడనుకు మరలెను. బాలుడు ఫిడేలు నభ్యసించి, పిమ్మట స్టాక్‌హోముననున్న రాజకీయ సంగీత కళాశాలలోను, ఉప్సాలా విశ్వవిద్యాలయములోను చదివెను. 1953లో అమెరికాలో కూసెవిట్‌స్కీ బహుమానము నందెను. 1954లో స్టాక్‌హోము వాద్యబృందమునకు తొలిసారి నాయకత్వము వహించి, ఆ యేటనే నోర్‌షోపింగు నగర బృందమునకు నాయకు డాయెను.

వారి సంఘమువారు శుక్రవారము సూర్యాస్తమయము మొదలు శనివారము సూర్యాస్తమయము వఱకు విశ్రాంతిదినముగా నాచరింతురు. ఆ కాలమున అభ్యాసము జరుపనని బ్లూమ్‌స్టెట్టుగారు నియమము పెట్టుకొనిరి. ఇది చిన్న సంగతి కాదు. ఐరోపాలో శుక్ర, శనివారములు కచేరీలకు ముఖ్యమైన దినములు. ఉద్యోగము వెదకుకొను యువకు డిట్టి షరతు పెట్టిన, మఱియొకని చూచుకొందుమని నిర్వాహకులు చెప్పవచ్చును. అయినను వారు నియమమును సడలింపలేదు. కచేరీ మాత్రము ఆ దినమునను చేయుదురు. అభ్యాసము పని, కచేరీ యన్ననో, పొందిన వరమును పదిమందితో పంచుకొనుట యని వారి భావము.

ఇందులో చిక్కు లేకపోలేదు. అదే కచేరీలో వాయించు వాద్యకారులకు అది జీతముపై చేయు పనియే కదా యని యడుగవచ్చును. ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము దొరకునని మేము తలంపము. అయితే తన మనస్సాక్షి గీచిన గీత యెచ్చట నున్నదో ముందుగనే తెలిపి, దానివలన వచ్చు నష్టము తానే భరించుటకు సిద్ధపడిన మనుష్యుని ఎవ్వరు తప్పుపట్టగలరు?

ఆ గీత 1975 మొదలు 1985 వఱకు డ్రెస్‌డెను నగరమునను నిలిచెను. ఆ నగర మప్పుడు తూర్పు జర్మనీలో నుండెను. ఆ కమ్యూనిస్టు ప్రభుత్వము మతమును ఆదరించునది కాదు. అచ్చటి బృందము 1548లో స్థాపింపబడినది. రాజులు పోయినను, యుద్ధమున నగరము నేలమట్ట మైనను అది నిలిచెను. అట్టి చోట విశ్వాసియైన విదేశీయుడు పదియేండ్లు ముఖ్యనాయకుడుగా నుండుట విశేషమే.

ఓస్లో, కోపెన్‌హేగను నగరములలో వారు చేసిన కొలువులు విస్తరభీతిచే విడుచుచున్నాము. 1985 మొదలు 1995 వఱకు శాన్‌ఫ్రాన్సిస్కోలో నుండి, డెన్మార్కు దేశీయుడైన కార్ల్ నీల్సెను సింఫొనీలను అమెరికావారికి చక్కగ పరిచయము చేసిరి. 1998లో, 71వ యేట, లైప్‌జిగుననున్న గెవాండ్‌హౌస్ బృందమున చేరిరి. పూర్వము మెండెల్సన్ నాయకత్వము వహించినది ఈ బృందమునకే. అచ్చట వీరు ఫిడేళ్ల రెండు వరుసలను నాయకునికి కుడియెడమల నెదురెదురుగ కూర్చుండబెట్టిరి. ఒక వరుస పలికిన దానికి రెండవది బదులు పలుకుట అప్పుడు శ్రోతకు స్పష్టముగ వినవచ్చును. రెండును ఒక్క ప్రక్కనే యున్నచో ఆ సంభాషణ కలిసిపోవును.

2005లో ఆ పదవిని విడిచిరి గాని పనిని విడువలేదు. వియన్నా ఫిల్‌హార్మోనిక్ బృందమునకు తొలిసారి నాయకత్వము వహించినది 2011లో, 83వ యేట! 2022 వేసవిలో పడి గాయపడిరి. కొలది నెలలకే మరల సభకు వచ్చి, కుర్చీలో కూర్చుండి, చేత కోల లేకయే వట్టి చేతులతో బృందమును నడపిరి. అప్పటికి వారికి 95 ఏండ్లు నిండినవి.