లూప్ లైన్‌లో ఆగిన ప్యాసింజర్ చెప్పే ఓఎస్ పాఠం

హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే ప్యాసింజర్ ఎప్పుడైనా ఎక్కారా? పెనుకొండలోనో, దారిలో ఏ చిన్న స్టేషన్‌లోనో లూప్ లైన్‌లో నిలిపేస్తారు. పక్కనుంచి ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయాక గానీ సిగ్నల్ పడదు. మీ కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ రోజంతా చేసే పనీ ఇదే. ప్రాసెసర్ కోర్లు నాలుగో, ఎనిమిదో. నడవాల్సిన ప్రోగ్రాములు వందలు. ఎవరు ముందు, ఎవరు ఎంతసేపు ఆగాలి అనే లెక్కే షెడ్యూలింగ్. ఎప్పుడూ ఎక్స్‌ప్రెస్‌లకే దారిస్తే ప్యాసింజర్ ఇక కదలదు. పుస్తకాల్లో దాన్ని స్టార్వేషన్ అంటారు. సింగిల్ లైన్ మీద రెండు బళ్లు ఎదురెదురుగా నిలిచి, ‘ముందు నువ్వు తప్పుకో’ అని మొండికేస్తే అది డెడ్‌లాక్.

డ్రైవర్‌కి ఎంత తొందరున్నా పట్టాలు తనే మార్చుకోలేడు కదా, స్టేషన్ మాస్టర్ దారివ్వాల్సిందే. మీ ప్రోగ్రాం కూడా డిస్కును నేరుగా ముట్టుకోలేదు, కెర్నెల్‌ని అడగాలి. అలా అడగడమే సిస్టమ్ కాల్.

ఇవి పరీక్ష కోసం బట్టీపట్టే మాటలే అనుకుంటే పొరపాటు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ప్లాంటు నుంచి 2019లో సెల్టోస్ బయటికొచ్చింది. ఇప్పటి కార్లలో బ్రేకులకు, ఎయిర్‌బ్యాగ్‌కు విడివిడిగా చిన్న కంప్యూటర్లుంటాయి. ఫోన్ అరసెకను తడబడితే సర్దుకుపోతాం. ఎయిర్‌బ్యాగ్‌కు మాత్రం ఉన్న గడువు కొన్ని మిల్లీసెకన్లే. అందుకే అలాంటిచోట గడువు తప్పని రియల్‌టైమ్ సిస్టమ్స్ వాడతారు. అయితే ఫ్యాక్టరీ పక్కనే ఉందని కోడింగ్ ఉద్యోగం అక్కడే దొరుకుతుందనుకోకండి, అక్కడ తయారయ్యేది కార్లు. ఈ తరహా కోడ్ రాసే కొలువులకు బెంగళూరు, హైదరాబాద్ వైపు చూడాలి.

మొదలుపెట్టడానికి కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాతదానిలో లైనక్స్ వేసుకోండి. సీ భాషలో ఓపెన్, రీడ్, రైట్, క్లోజ్ అనే నాలుగు సిస్టమ్ కాల్స్‌తో ఒక ఫైల్‌ని కాపీ చేసే ప్రోగ్రాం రాయండి. మొదట ఒక్కో బైటు చొప్పున, తర్వాత 4096 బైట్ల చొప్పున కాపీ చేసి, రెంటికీ పట్టిన టైమ్ చూడండి. తేడా చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. బైటు బైటుకీ కెర్నెల్ గడప తొక్కి రావడమే ఆ ఆలస్యానికి కారణం. ఎస్‌ట్రేస్ అనే టూల్‌తో నడిపితే ఆ రాకపోకలన్నీ తెరమీద వరుసగా కనిపిస్తాయి. నా లెక్కలో పది సర్టిఫికెట్ల కంటే ఈ ఒక్క సాయంత్రం మేలు.

ఆ తర్వాత ఎంఐటీ వారు బోధన కోసం రాసిన చిన్న ఓఎస్ ఎక్స్‌వీ6 చదవండి. ఉచితమే. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ వారి ఓఎస్ పాఠాలు తోడుంచుకోండి. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లోనూ షెడ్యూలింగ్, డెడ్‌లాక్, వర్చువల్ మెమరీ ఉన్నాయి కాబట్టి దానికి విడిగా మొదట్నుంచీ చదవాల్సిన పని తప్పుతుంది.