పచ్చికకు ముందు నేల

వినాయక చవితి సమీపించినప్పుడు విశాఖపట్టణపు పూర్ణా మార్కెట్టులో పత్రి కుప్పలు పోయగా, ఏకవింశతి పత్రములలో నొకటియైన గరికను బేరమాడి కొనెడివారిలో, ఆ తృణమే క్రీడాప్రాంగణములకును ఉద్యానములకును పచ్చికయగుచున్నదని తలపోయువారు అరుదు. నేలపై ప్రాకు తీగలతోను, మట్టిలో సాగు కాండములతోను, కణుపు కణుపున వేరూనుచు వ్యాపించు నీ గడ్డి ఎండను కోరును. నీడలో పలుచబడి నశించును. చెట్లనీడ కొంత పడు పెరటికి నెమ్మదిగా పెరుగు కొరియన్ గడ్డియే మేలు.

గోదావరీతీరమందలి కడియము వంటి చోట్ల నర్సరీలలో పెంచిన పచ్చికను మట్టితో సహా పెళ్ళలుగా కోసి తెచ్చి పరచుట నేడు పరిపాటి. పరచిన నాడే పచ్చదనము కన్నుల కగపడుటచే గృహస్థులు అడుగున నున్న నేలను మరతురు. నా మట్టుకు, పనిలో ముప్పాతిక పాలు పెళ్ళలు రాకమునుపే ముగియవలెను.

విశాఖలో కొండవాలున ఎర్రనేలలు, కడలియొడ్డున ఇసుకనేలలు. ఎర్రనేల ఎండిన గట్టిపడును, ఇసుక నీటిని నిలుపజాలదు. రెంటికిని మందు బాగుగ మాగిన పశువుల ఎరువే. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుకముక్కలను, సున్నపు పెచ్చులను ఏరివేసి, 15 మొదలు 20 సెంటీమీటర్ల లోతు త్రవ్వి ఎరువు కలుపవలెను. అటుపిమ్మట ఓర్పునకు పరీక్ష తుంగ. పైపైన కోసిన తుంగ లోపలి గడ్డలనుండి మరల మొలచును గనుక, నేలను తడిపి రెండు వారములు విడిచి, మొలచినదానిని గడ్డలతో పెకలించి, మరల తడిపి మరల పెకలింపవలెను. ఇందుకు విసుగుచెందినవాడు డబ్బు పోసి పచ్చికను కొని తుంగను పెంచును.

పిదప గోడనుండి వెలుపలికి నూటికి ఒకటి రెండు వంతుల వాలుంచి చదునుచేసి, తేలికపాటి రోలరు నడిపించి, ఇటుకల వరుసలవలె అతుకులు ఎదురుపడకుండ పెళ్ళలు పరచవలెను. పెళ్ళ మూల నెత్తి చూచిన క్రింది మట్టియు తడిగా నుండునంత నీరు పోయవలెను. వేళ్ళు దిగువరకు, అనగా రెండు మూడు వారములు, దానిపై నడవరాదు. తొలికోత గడ్డి ఎత్తులో మూడవవంతును మించరాదు. జూన్‌లో తొలకరి పడిన తరువాత పరచినచో నీటిశ్రమ తగ్గును.

కడియమునుండి విశాఖకు దాదాపు 200 కిలోమీటర్లు. చుట్టిన పెళ్ళలు లోలోపల వేడెక్కి పసుపుబారును. దిగిన నాడే పరచి తీరవలెను. కావున, నేల సిద్ధము కానంతవరకు లారీని పిలువకుడు.